డబ్బా కొత్తదే, స్తంభం మాత్రం పాతదే

సంపాదకుడి గారికి నమస్కారం.

పోయిన వారం మీ బిజినెస్ పేజీలో ఎస్‌డీ-వ్యాన్ గురించి, అంటే ప్రతి బ్రాంచీలో ఒక డబ్బా పెట్టి అక్కడి నెట్ లైన్లన్నిటినీ సాఫ్ట్‌వేర్‌తో నడిపే పద్ధతి గురించి, వచ్చిన వ్యాసాన్ని మా ఎండీ గారు పొద్దున ఆరున్నరకే ఫొటో తీసి నాకు వాట్సాప్ చేశారు. కింద ఒక్క ముక్క రాశారు, మరి మనకి నెట్ ఎందుకు పోతోంది అని. ఫోన్లో పావుగంట చెప్పినా ఆయనకి సగమే ఎక్కింది. మొత్తం మీకు రాస్తున్నా, ఎందుకంటే ఆ పొద్దున ఇలాంటి మెసేజ్ అందుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉండను.

నేను విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ల సంస్థలో నెట్‌వర్క్ చూస్తాను. రక్తపరీక్షలు, ఎక్స్‌రే, కొన్నిచోట్ల సీటీ స్కాన్ కూడా ఉంది. మొత్తం 37 బ్రాంచీలు, ఎక్కువ భాగం కృష్ణా, గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో, ఖమ్మం వైపు నాలుగు, హైదరాబాద్‌లో మూడు. ఇన్నింటికీ కలిపి నేను, నాతో ఇంకో ఇద్దరు కుర్రాళ్లు. 2022 నుంచి ఒక్కో బ్రాంచీనీ ఎస్‌డీ-వ్యాన్‌కి మారుస్తూ వచ్చాం, ఇప్పుడు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. కాబట్టి అది వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం కాదు. పాత పద్ధతికి మళ్లీ వెళ్లమంటే నేను ఉద్యోగమైనా మానేస్తా గానీ వెళ్లను. నా గొడవ అంతా మీ వ్యాసంలో ఉన్న ఒక్క మాటతోనే, ఈ డబ్బా పెట్టుకుంటే ఇక నెట్ పోదు అన్నదానితో.

ముందు పాత పద్ధతి ఏమిటో చెప్పాలి, లేకపోతే ఎస్‌డీ-వ్యాన్ విలువ తెలియదు. పదేళ్ల క్రితం మాలాంటి సంస్థకు దారి ఒక్కటే, ఎంపీఎల్‌ఎస్. టెలికాం కంపెనీ తన సొంత నెట్‌వర్క్‌లో, మన బ్రాంచీలకు మాత్రమే వాడుకునేలా వేరు చేసి ఇచ్చే లైన్ అది. నమ్మకమైనదే, రాతపూర్వకంగా గ్యారంటీ కూడా ఇస్తారు. కానీ బ్రాంచీకి 2, 4 ఎంబీపీఎస్ కంటే ఎక్కువ తీసుకునే స్తోమత మాకు ఉండేది కాదు. కొత్త బ్రాంచీ తెరవాలంటే షాపు అద్దెకు తీసుకుని, బోర్డు పెట్టి, టెక్నీషియన్లని పెట్టుకుని, లైన్ కోసం రెండు మూడు నెలలు ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లం. ఇంకో తమాషా ఏమిటంటే ఆ లైన్లన్నీ విజయవాడ హెడ్డాఫీసుకే వచ్చేవి. ఒంగోలు బ్రాంచీలో రిసెప్షన్ అమ్మాయి ఒక మెయిల్ తెరవాలన్నా అది ముందు విజయవాడ వచ్చి, మా ఫైర్‌వాల్ (నెట్‌కి కాపలా కాసే పెట్టె) దాటి, ఇంటర్నెట్‌లోకి వెళ్లి, జవాబు మళ్లీ విజయవాడ మీదుగా ఒంగోలు చేరేది. కందుకూరు నుంచి ఒంగోలు పోవడానికి విజయవాడ బస్సెక్కినట్టు.

అప్పట్లో అదే మామూలు. 2005లో కేంద్రం 3,334 కోట్లతో రాష్ట్రాలకు స్టేట్ వైడ్ ఏరియా నెట్‌వర్క్ పథకం పెట్టినప్పుడు, రాజధాని నుంచి మండల స్థాయి దాకా కనీసం 2 ఎంబీపీఎస్ అంటే పెద్ద సంగతి. ఇప్పుడు ఒక కనెక్షన్‌ని బ్రాడ్‌బ్యాండ్ అని పిలవాలంటే ఉండాల్సిన కనీస వేగమే 2 ఎంబీపీఎస్, అదీ 2023లో 512 కేబీపీఎస్ నుంచి పెంచితే ఇక్కడికి వచ్చింది. మా ఆఫీసు లైన్ 4 దగ్గరే ఆగిపోయి ఉండగా, పక్కన కిరాణా కొట్టు ఆయన ఇంట్లో వంద ఎంబీపీఎస్ ఫైబర్ మీద క్రికెట్ చూస్తున్నాడు. ఆ లైన్‌కి నెలకు కట్టే డబ్బుతో అదే ఊళ్లో రెండు కంపెనీల ఫైబర్ తీసుకోవచ్చు, ఇంకా మిగులుతుంది. ఈ లెక్క అర్థమైన రోజునే ఎస్‌డీ-వ్యాన్‌కి గిరాకీ పుట్టింది.

అది చేసే పని మా ఎండీ గారికి ఇలా చెప్పాను. గుంటూరు నుంచి విజయవాడ వస్తున్నారు. కృష్ణ దాటడానికి వారధి ఉంది, బ్యారేజీ ఉంది. అలవాటుగా వెళ్లే డ్రైవరు ఎప్పుడూ వారధి మీదే పోతాడు, అక్కడ గంట ఇరుక్కున్నా సరే. తెలివైనవాడు ముందు ఫోన్ చేసి వారధి మీద ఎలా ఉంది, బ్యారేజీ మీద ఎలా ఉంది అని కనుక్కుని, ఎమర్జెన్సీ బండిని ఖాళీగా ఉన్నదాని మీదకి, సామాన్ల బండిని రెండోదాని మీదకి మళ్లిస్తాడు. ఎస్‌డీ-వ్యాన్ డబ్బా అదే పని ప్రతి సెకనూ చేస్తుంది. బ్రాంచీకి ఉన్న ప్రతి లైన్ మీదా చిన్న చిన్న పరీక్ష ప్యాకెట్లు (డేటా ముక్కలు) పంపుతూ ఎంత ఆలస్యం అవుతోంది, ఎన్ని పోతున్నాయి, ఆలస్యం నిలకడగా ఉందా ఊగుతోందా అని కొలుస్తుంది. ఫోన్ మాటలకు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు, అది దాటితే కాల్‌ని ఇంకో లైన్ మీదకి మారుస్తుంది, మాట్లాడేవాళ్లకి తెలియను కూడా తెలియదు. ఏ లైన్ మీద వెళ్లినా లోపల అంతా ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే బయటివాళ్లు చదవలేని, సొరంగంలోనే పోతుంది. ఈ నియమాలన్నీ బ్రాంచీ బ్రాంచీకి తిరిగి రాయక్కర్లేదు, విజయవాడలో నా కుర్చీలో కూర్చుని ఒక్క చోట రాస్తే 37 డబ్బాలకూ వెళ్తాయి.

ఈ ఆలోచన చిన్న సంస్థల కోసం పుట్టిందేమీ కాదు. గూగుల్ తన డేటా సెంటర్ల మధ్య నెట్‌వర్క్‌ని ఇలా సాఫ్ట్‌వేర్‌తో నడుపుతున్నామని 2013లో ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. మామూలుగా ఇలాంటి దూరపు లింకుల్ని 30, 40 శాతమే వాడి మిగతాది ఆపదకి వదిలేస్తారు, వాళ్లు కొన్నింటిని దాదాపు నిండా వాడగలిగారు. అక్కడి నుంచి ఆ ఆలోచన దిగి దిగి మా రక్తపరీక్షల దాకా వచ్చింది.

మాకు జరిగిన మేలు ఒక్క ఉదాహరణలో చెప్తా. మాకు సీటీ ఉన్న బ్రాంచీల్లో రాత్రి స్కాన్ తీస్తే రేడియాలజిస్టు అక్కడ ఉండరు, ఇమేజీలు హైదరాబాద్‌లో ఉన్న డాక్టర్‌కి వెళ్లాలి. ఒక స్కాన్ 500 ఎంబీ అనుకోండి. 2 ఎంబీపీఎస్ మీద అది పోవడానికి అరగంట పైనే పడుతుంది, ఆ అరగంటా కౌంటర్లో బిల్లు రాదు, యూపీఐ మిషన్ తిరుగుతూనే ఉంటుంది, బయట బెంచీ మీద తలకి దెబ్బ తగిలిన మనిషి తాలూకు వాళ్లు మా టెక్నీషియన్‌ని తిడుతూనే ఉంటారు. ఇప్పుడు 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ఫైబర్ మీద అదే స్కాన్ మూడు, నాలుగు నిమిషాల్లో నేరుగా హైదరాబాద్ పోతోంది, బిల్లింగ్ రెండో లైన్ మీద దాని పని అది చేసుకుంటోంది. దీనికి నేను ఎస్‌డీ-వ్యాన్‌కి దండం పెడతాను. కొత్త బ్రాంచీకి డబ్బా బస్సు పార్సిల్లో పంపిస్తే అక్కడి కుర్రాడు కరెంటు, కేబుళ్లు గుచ్చితే చాలు, మిగతాది అదే తెచ్చుకుంటుంది.

(ఇది అందరికీ ఇంత సాఫీగా జరుగుతుందని కాదు. సొరంగంలో పంపాలంటే ప్రతి ప్యాకెట్‌కీ అదనపు సమాచారం తగిలించాలి, దాని వల్ల 1500 బైట్ల ప్యాకెట్‌లో మనకి మిగిలేది సుమారు 1400. ఆ సంగతి సరిగ్గా సెట్ చేయకపోతే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని సగం తెరుచుకుని అలా ఉండిపోతాయి. మా మొదటి బ్రాంచీలో ఇది మా ముగ్గురినీ రెండు రోజులు తిన్నది. లైన్ బాగానే ఉంది, పింగ్ (అవతలి నుంచి పరీక్ష జవాబు) వస్తోంది, రిపోర్టు మాత్రం తెరుచుకోదు. చివరికి ఒక్క అంకె మారిస్తే అయిపోయింది.)

ఇక అసలు గొడవ. మళ్లీ వారధి, బ్యారేజీ దగ్గరికే వద్దాం. దారులు రెండున్నాయి, డ్రైవరు తెలివైనవాడే, సరే. కానీ కాజ టోల్‌గేట్ దగ్గరే ట్రాఫిక్ ఆగిపోతే? వారధైనా బ్యారేజీ అయినా దాని తర్వాతే కదా వచ్చేది. అక్కడ ఇరుక్కున్నవాడికి ముందు రెండు వంతెనలున్నా ఒకటే, పది ఉన్నా ఒకటే.

పోయినేడాది పల్నాడు వైపు మా బ్రాంచీ ఒకదానికి సరిగ్గా ఇదే అయింది. రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్, దానికి తోడు డబ్బాలో మూడో కంపెనీ 4జీ సిమ్. కాగితం మీద చూస్తే మూడు దారులు. ఒక మధ్యాహ్నం రెండున్నరకి మూడూ ఒకేసారి పోయాయి. నేను ముందు డబ్బా చెడిపోయిందనుకున్నా, ఎందుకంటే మూడు కంపెనీలు ఒకే నిమిషంలో పోవడం అంటే నమ్మబుద్ధి కాలేదు. వీడియో కాల్‌లో డబ్బా లైట్లు చూపించమన్నా, అది బాగానే ఉంది, పాపం అన్ని వైపులా పరీక్ష ప్యాకెట్లు పంపుతూనే ఉంది, ఒక్కదానికీ జవాబు లేదు. సాయంత్రానికి తెలిసింది. రోడ్డు పక్కన కాలవ తవ్వుతూ జేసీబీ ఒక స్తంభాన్ని ఒరిగించింది. రెండు కంపెనీల కేబుళ్లూ ఆ స్తంభం మీదే, ఒకే చుట్టలో వేలాడుతున్నాయి. మరి 4జీ? ఊరి చివర ఆ సెల్ టవర్‌కి వెళ్లే ఫైబర్ కూడా అదే రోడ్డు వెంట, అదే కాలవ పక్కన. సిమ్‌లో సిగ్నల్ నాలుగు గీతలు నిండుగా చూపిస్తోంది, టవర్‌కి ఊరి బయటికి దారి లేదు. జాయింట్లు వేసే మనిషి నరసరావుపేట నుంచి మెషీన్ పట్టుకుని వచ్చేసరికి రాత్రి తొమ్మిది. ఆరున్నర గంటలు. బిల్లులు చేత్తో రాశారు, స్కాన్ సీడీలో వేసి బైక్ మీద పంపారు.

ఎస్‌డీ-వ్యాన్ అమ్మడానికి వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా మీ రెండు లైన్లు ఏ స్తంభాల మీద వస్తున్నాయి అని మమ్మల్ని అడగలేదు. మేమూ అడగలేదు, తప్పు మాదీ ఉంది. వాళ్లు చూపించే బొమ్మలో బ్రాంచీ నుంచి రెండు రంగుల గీతలు ఒక మేఘంలోకి వెళ్తాయి. ఆ గీతలు పచ్చగా, నీలంగా విడివిడిగా ఉంటాయి. రోడ్డు మీద రెండూ నల్లగానే ఉంటాయి, ఒకే కొక్కేనికి వేలాడుతుంటాయి.

ఇది పల్లెల సంగతి అనుకోకండి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్రలో కరెంటు షాక్‌తో ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరంలో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తీసేయడం మొదలుపెడితే చాలా కాలనీల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. మనుషులు చచ్చిపోయాక తీయొద్దని ఎవరనగలరు, నేనైతే అనను. కానీ ఆ వారంలో అంత పెద్ద ఐటీ నగరం ఇంటర్నెట్ దేని మీద వేలాడుతోందో అందరికీ కనబడింది. మన ఏపీ ఫైబర్‌నెట్ కూడా మొదటి నుంచీ కరెంటు స్తంభాల మీదుగా వేసిందే. అందుకే అంత చౌకగా ఊళ్లకి చేరింది, 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించినప్పుడు నెలకి 149 రూపాయలకే నెట్టూ టీవీ అంటే ఎవరు కాదంటారు. అదే స్తంభాలు 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి విశాఖలో ఎలా పడుకున్నాయో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

తవ్వకాల సంగతికి వస్తే, తవ్వేముందు కింద ఎవరి కేబుల్ ఉందో కనుక్కోవడానికి కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్ తెచ్చింది. మంచి యాప్. మా స్తంభం పడగొట్టిన కాంట్రాక్టరుని అడిగితే ఆ పేరే వినలేదన్నాడు. అతను అబద్ధం చెప్పాడని కూడా అనుకోను.

ఖర్చు గురించి ఒక మాట. లైన్ల మీద మిగిలిన డబ్బంతా మిగులుగా చూపించారు మీ వ్యాసంలో. డబ్బాకి ఏటేటా లైసెన్సు కట్టాలని రాయలేదు. కొన్ని కంపెనీల డబ్బాలు లైసెన్సు అయిపోతే కొత్త మార్పులేవీ తీసుకోవు, కొన్ని పూర్తిగా మొరాయిస్తాయి. మూడేళ్లకి ఒకసారి రేటు మాట్లాడుకునేటప్పుడు మన చేతిలో ఏమీ ఉండదు, ఎందుకంటే ఈ కంపెనీ డబ్బా ఆ కంపెనీ డబ్బాతో మాట్లాడదు. మార్చాలంటే 37 చోట్లా మార్చాలి. పైగా అమ్మిన కంపెనీ అదే పేరుతో ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు. ఈ డబ్బాలు అమ్మే వెలోక్లౌడ్‌నే చూడండి, 2017లో వీఎంవేర్ కొన్నది, 2023లో వీఎంవేర్‌నే బ్రాడ్‌కామ్ కొన్నది, 2025లో వెలోక్లౌడ్‌ని అరిస్టాకి అమ్మేశారు. అలాంటిదే విప్టెలాని సిస్కో 2017లో 61 కోట్ల డాలర్లకి కొన్నది, ఇంకొకటి సిల్వర్‌పీక్‌ని హెచ్‌పీఈ 2020లో తీసుకుంది. డబ్బా అక్కడే గోడకి ఉంటుంది, బిల్లు మీద పేరు మారుతుంటుంది. అయినా లెక్క వేస్తే మాకు మిగిలింది, కానీ మీ వ్యాసం చెప్పినంత కాదు, రెండో సంవత్సరం నుంచి ఇంకా తక్కువ.

భద్రత గురించి ఎక్కువ రాయను, అది ఇంకో ఉత్తరం అవుతుంది. ఒక్కటి మాత్రం చెప్పాలి. అన్ని బ్రాంచీల తాళంచెవులూ ఒకే గుత్తిలో ఉంటాయి, ఆ గుత్తి పోతే అన్నీ పోయినట్టే. 2024 ఆగస్టులో వెర్సా డైరెక్టర్ అనే ఎస్‌డీ-వ్యాన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో లోపం దొరికితే, చైనా తరఫున పనిచేస్తుందని చెప్పే హ్యాకర్ల ముఠా దాన్ని అప్పటికే వాడుతోందని పరిశోధకులు బయటపెట్టారు. కాబట్టి ఆ కంట్రోలర్ పేజీ ప్రపంచమంతటికీ తెరిచి పెట్టకండి, పాస్‌వర్డ్ ఒక్కదాని మీద వదలకండి. కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఏదైనా జరిగితే ఆరు గంటల్లో చెప్పాలి, లాగ్‌లు (ఎప్పుడు ఏం జరిగిందో సిస్టం రాసుకునే రికార్డులు) 180 రోజులు ఉంచాలి. ఇవన్నీ అమ్మేవాడు చేసిపెడతాడని వదిలేస్తే, రేపు నోటీసు వచ్చేది మనకే.

ఇప్పుడు మేం చేస్తున్నది చెప్తాను, పనికొస్తే ఎవరైనా వాడుకోండి. రెండో లైన్ తీసుకునేముందు మా కుర్రాడు బ్రాంచీ నుంచి ఎక్స్ఛేంజీ వైపు, లేదా ఆ కంపెనీ పెట్టె ఉన్న చోటు దాకా, నడుచుకుంటూ లేదా బైక్ మీద వెళ్లి కేబుల్ ఎటు పోతోందో ఫోన్లో వీడియో తీసుకొస్తాడు. నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. కానీ 37 బ్రాంచీల్లో 14 చోట్ల రెండు లైన్లూ మొదటి మలుపు దాకా ఒకే స్తంభాల మీద ఉన్నాయని అలాగే తెలిసింది. వాటిలో కొన్నింటికి ఒక లైన్ మార్చాం, ఇంకో వీధి వైపు నుంచి వచ్చేది తీసుకున్నాం, అది కొంచెం స్లో అయినా సరే. రెండు చోట్ల ఎదురింటి డాబా మీద చిన్న వైర్‌లెస్ డిష్ పెట్టి కిలోమీటరు అవతలి నుంచి లాక్కున్నాం, వాన పడితే కాస్త తగ్గుతుంది గానీ జేసీబీ దాన్ని తవ్వలేదు. సీటీ ఉన్న పెద్ద బ్రాంచీ ఒకదానికి మాత్రం పాత ఎంపీఎల్‌ఎస్ ఇంకా ఉంచాం, ఎండీ గారికి అది దండగ అనిపిస్తోంది, నాకు అనిపించట్లేదు. ఇంకా ఆరు బ్రాంచీలు అలాగే ఉన్నాయి, అక్కడ చౌకగా వేరే దారే లేదు.

టెలికాం కంపెనీల వాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక్క విన్నపం. బిజినెస్ కనెక్షన్ అని ఎక్కువ డబ్బు తీసుకుంటున్నారు, అప్లికేషన్‌లో ఇంకో కాలమ్ పెట్టండి. ఈ లైన్ భూమిలోంచా, స్తంభాల మీదా, ఏ రోడ్డు వెంట, ఏ ఎక్స్ఛేంజీ నుంచి అని. రహస్యమంటారేమో. రోడ్డు మీద వేలాడుతున్న తీగలో రహస్యమేముంది, మా కుర్రాడు బైక్ మీద వెళ్లి చూసొస్తున్నాడు కదా. తెగితే ఎన్ని గంటల్లో కలుపుతారో కూడా రాసివ్వండి, నాలుగు గంటలని అబద్ధం రాయడం కంటే పన్నెండు అని నిజం రాసినా ఫరవాలేదు, దానికి తగ్గట్టు మేం జనరేటర్ కొనుక్కున్నట్టు ఇంకో ఏర్పాటు చేసుకుంటాం.

మీరు ఈ ఉత్తరం వేస్తే, పొద్దున ఆరున్నరకి నేనే ఫొటో తీసి మా ఎండీ గారికి పంపిస్తా. ఆ ఆరు బ్రాంచీల బడ్జెట్ ఫైలు ఇంకా ఆయన టేబుల్ మీదే ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు, విజయవాడ